వంచిన వెండి పెన్నీ

కోతలయ్యాక పొలం దున్నేసి, మళ్లీ విత్తనం పడేలోపు మా నార్ఫోక్‌లో మీకు ఒక రకం ముసలాళ్లు కనిపిస్తారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మెటల్ డిటెక్టర్, పాత నాణేల కోసం చూపు నేలమీద. మా ఆవిడ బతికున్నప్పుడు "పొలానికి ఇస్త్రీ చేసే బదులు నీ చొక్కాలు చేసుకోవచ్చుగా" అనేది. నాకిప్పటికీ ఇస్త్రీ రాదు. సరే, అది వేరే సంగతి.

నా జోడీ బార్నీ. మా చెల్లెలు మేవిస్ మొగుడు. నేను కాలేజీలో చరిత్ర చదివి, జీవితమంతా రైల్వేలో టికెట్లు అమ్మాను కాబట్టి నన్ను "పంతులూ" అని వెక్కిరించేవాడు. వాడి ఎడమ తుంటికి లోహపు కీలు వేశారు. కుంటుతూ నడిచేవాడు. పని మొదలుపెట్టే ముందు యంత్రాలు బాగున్నాయో లేదో ఆ తుంటి మీదే చూసుకునేవాళ్లం. దానిమీదుగా డిటెక్టర్ ఊపితే చెవుల్లో ముందు బొంగురుగా ఒక మూలుగు, ఆ వెంటనే సన్నగా ఒక కూత. అలాంటి చప్పుడు మరే లోహం దగ్గరా నేను వినలేదు.

"ఉన్నానా, పోయానా?" అనేవాడు.

"ఉన్నావు. కాస్త తుప్పు పట్టావు."

ఆ నవంబరు మధ్యాహ్నం గెడ్జ్ గారి పొలంలో ఉన్నాం. ఆయనది ఒకటే షరతు: "తవ్విన గుంట పూడ్చి మరీ కదలండి. నా గుర్రం కాలు విరిగిందా, బండికి మీ ఇద్దర్నీ కడతాను." మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ అది చేతికి పట్టేసిన అలవాటు. తవ్వడం, చూడడం, పూడ్చడం, తొక్కడం.

నేను టీ ఫ్లాస్కు మూత తీస్తుంటే బార్నీ కేకేశాడు. వాడి అరచేతిలో గోరంత వెండి పెన్నీ, వందల ఏళ్ల నాటి నాణెం. మధ్యకి వంగి ఉంది.

మా కాలేజీలో ఒక లెక్చరర్ ఉండేవాడు. సుద్దముక్క విసిరి మరీ నిద్ర లేపేవాడు. ఆయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నది ఇదొక్కటే. పూర్వం ఇంట్లో ఎవరైనా మంచం పడితే, ఆ రోగి మీద పట్టుకుని ఒక పెన్నీని వంచేవాళ్లు. 'ఈ మనిషిని లేపి నడిపించు, ఇది నీ సమాధికి తెచ్చి ఇస్తాను' అని ఏదో ఒక పుణ్యపురుషుడికి మొక్కుకునేవాళ్లు.

"ఇది ముడుపు, బార్నీ. ఇంకా మట్టిలోనే ఉందంటే మొక్కు తీరలేదన్నమాట."

"రాజుగారి ముక్కు మడతలో పడిపోయింది. తిన్నగా చేసి మేవిస్‌కి చూపిస్తాను."

"వద్దు. విరుగుతుంది."

"విరిగితే రెండు పెన్నీలు, పంతులూ!"

రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కాడు. విరగలేదు. ఎవరో ఒళ్లు విరుచుకున్నట్టు చిన్న చప్పుడుతో తిన్నగా వచ్చేసింది.

వాడు కంచె వైపు వెళ్లాడు. కాసేపటికే సముద్రం మీంచి పొగమంచు వచ్చింది. పొద్దు ఇంకా వాలలేదు గాని, నా బూట్లు నాకే కనిపించడం మానేశాయి. కాకుల అరుపు ఆగిపోయింది. తడిమట్టి వాసన వెనకే ఇంకో వాసన... కిటికీలు తెరవని గది వాసన. దుప్పట్లు, మైనం, జ్వరం. మా ఆవిడ ఆఖరి రోజుల్లో ఆ వాసన నాకు బాగా తెలుసు.

"బార్నీ?"

నేలకు మొహం ఆనేంతగా వంగాను. వాడి అడుగుజాడలు పట్టుకుని వెళ్లాను. ఒక కాలు లోతుగా, ఒక కాలు ఈడ్చుకుంటూ... దున్నిన చాళ్ల మధ్యకి వచ్చి ఆగిపోయాయి. ముందుకు లేవు. వెనక్కి లేవు. చుట్టూ మట్టి చెదరలేదు.

నా చెవుల్లో మోగింది. మూలుగు. కూత.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మళ్లీ డిటెక్టర్ ఊపాను. మూలుగు... కూత... నా కాళ్ల కింద నుంచి.

పార తీసుకుని తవ్వాను. మోచేతిదాకా. భుజందాకా. మట్టి వెచ్చగా ఉంది. చేతికి ఏమీ తగల్లేదు.

"పూడ్చెయ్, పంతులూ."

మంచులోంచి బార్నీ గొంతు. చాలా దగ్గరగా.

"గుంట వదిలేస్తే ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటారు."

నా చేతులు నా మాట కోసం ఆగలేదు. మట్టి లాగాయి. కాళ్లు తొక్కాయి. తొక్కుతున్నంతసేపూ కింద ఆ మూలుగు సన్నబడుతూ వచ్చింది.

అప్పుడు బార్నీ మంచులోంచి బయటికి వచ్చాడు. తిన్నగా. కుంటడం లేదు.

ఇంటి దగ్గర నవ్వుతూనే ఆ తుంటి మీద డిటెక్టర్ ఊపాను. నిశ్శబ్దం. ఇంకోసారి ఊపాను.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడు ఆ మనిషి, మర్యాదగా. ఆ పెన్నీ వంచినప్పుడు మొక్కిన మాట నాకు గుర్తొచ్చింది: లేపి నడిపించు.

మర్నాడు గెడ్జ్ గారిని బతిమాలితే తవ్వే యంత్రం తెచ్చి అక్కడ నిలువెత్తు గొయ్యి తీయించాడు. ఏమీ లేదు. ఆ చప్పుడు నాకు మరోచోట దొరికింది, గేటు దగ్గర. తవ్వాను. అందలేదు. తర్వాత రోడ్డు పక్కన. తర్వాత చర్చి గోడ వెనక. ఎక్కడ తవ్వినా వెచ్చటి మట్టే. వేసవికల్లా మేవిస్ పెరట్లో, ఉల్లికాడల మడి కింద మోగింది. అప్పుడు అర్థమైంది, మా బార్నీ నేలకింద నుంచే ఇంటికి వస్తున్నాడు.

మేవిస్‌కి ఏమని చెప్పను? "రెండేసి మెట్లు ఎక్కుతున్నాడన్నయ్యా! నిన్న నాతో డాన్స్ కూడా చేశాడు" అని మురిసిపోతోంది. పెళ్లయ్యాక దాని మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ఒకసారి నోరు తెరిచాను. "పడుకో అన్నయ్యా, నీకు ఒంట్లో బాగాలేదు" అంది.

ఇవాళ పొద్దున ఫోన్ చేసింది.

"వంటింటి నేలలో ఒక పలకరాయి పైకి లేస్తోందన్నయ్యా. నేను తొక్కి సర్దుతాను, మళ్లీ లేస్తుంది. పైగా వెచ్చగా ఉంటోంది. పిల్లి దాన్ని వదలడం లేదు."

"మేవిస్, దాన్ని ముట్టుకోకు. నేనొస్తున్నాను..."

"ఎందుకూ? బార్నీ సిమెంటు కలుపుతున్నాడుగా." దూరంగా పార గీసుకుంటున్న చప్పుడు. ఎవరో ఏదో అన్నారు. మేవిస్ నవ్వింది. "నీకు చెప్పమంటున్నాడు. గుంటలు పూడ్చడం నీ దగ్గరే నేర్చుకున్నాడట."