చెప్పు, వెంట్రుక, కడియం

“మా క్లాసు పిల్లకాయల చేత నన్ను అబద్ధాలకోరు అనిపించింది మీరేనా?”

సంగం స్కూలు వరండాలో తడిసిన గొడుగు మూస్తూ అడిగింది ఆనందకుమారి. ఆ నెలలోనే చేరిన కొత్త టీచరు. పద్మనాభయ్య చేతిలో చాక్‌పీసు అట్లాగే నిలిచిపోయింది.

“నేనేం చేసినానండీ?”

“సవతి తల్లి దగ్గర కష్టాలు పడిన పిల్ల కథ చెప్పినాను. విందుకు పోయి, చెప్పు జారవిడుచుకొని వచ్చిందని. ‘చెప్పు కాదు టీచర్, వెంట్రుక! పద్మనాభయ్య సారు చెప్పినాడు’ అని ఒకటే గోల.”

“వెంట్రుకేనండీ. ఆకుదొప్పలో పెట్టి పెన్నలో వదిలింది. దిగువన రాజకుమారుడికి దొరికింది. మా అవ్వ చెప్పింది.”

“మా అమ్మకు మిషను దొరసాని చెప్పింది!”

“దొరసాని పెన్న చూసిందా?”

కోపంగానే ఉండాలనుకొంది గానీ, ఆమెకు నవ్వు ఆగలేదు. బయట వాన పెద్దదైంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు.

అది 1961. ఆ ఆదివారమే ఆమె పద్మనాభయ్య ఇంటికి వచ్చి, అవ్వ వెంకటశేషమ్మ చేత కథ మొత్తం చెప్పించుకొని నోటుబుక్కులో రాసుకొంది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చింది. ఆమె రావడం కాస్త ఆలస్యమైతే అవ్వే వీధిలోకి తొంగి చూసేది.

పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకుపోయినప్పుడు, వల బాగుచేసుకొంటున్న జాలరి పోలేరయ్యను కూడా ఆ కథే అడిగారు.

“చెప్పూ కాదు, వెంట్రుకా కాదు. కడియం. మా వలలోనే పడింది,” అన్నాడతను, నిన్న మొన్న జరిగినట్టు.

తిరిగివచ్చేటప్పుడు ఆనందకుమారి మెల్లగా అంది.

“మూడు కథల్లోనూ అన్నీ మారినాయి. ఒక్కటే మారలేదు, చూసినారా?”

“ఏంది?”

“వెతుక్కొంటూ అతనే వస్తాడు.”

పద్మనాభయ్యకు అర్థమైంది. చెవులు వేడెక్కాయి.

వేసవిలో ఆమెకు కావలికి బదిలీ అయింది. వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారు.

“మా నాయనతో నేను మాట్లాడతాను. మీ ఇంట్లో చెప్పినారా? అవ్వ ఏమనింది?” అని అడిగింది.

అతను ఎవరికీ చెప్పలేదు. పదిసార్లు తండ్రి ముందు నిలబడి, పదిసార్లూ మాట మింగేశాడు. భయమేసిందని చెప్పడానికి సిగ్గేసింది.

“అవ్వ ఒప్పుకోలేదు,” అన్నాడు.

“అవ్వేనా?” అందామె. అంతే. వెంకటశేషమ్మకు ఒక మాటైనా చెప్పకుండా ఊరు వదిలిపోయింది.

మరుసటేడు శుభలేఖ వచ్చింది.

“పోతా పోతా కనపడి పోలేదే ఈ పిల్ల!” అని అవ్వ బాధపడింది. “నువ్వు అడగతావని ఎన్నాళ్లు చూసినానో. మీ నాయన్ని నేను ఒప్పించేదాన్ని కదరా.”

అప్పుడైనా నిజం చెప్పివుండవచ్చు. పద్మనాభయ్య శుభలేఖ మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

“సరే, పద. కావలికి పోదాం,” అంటూ అవ్వ పెట్టెలోంచి కొత్త చీర తీసింది.

పెళ్లి అయింది. చర్చి మెట్ల మీద తెల్లచీరలో ఉన్న ఆనందకుమారి వెంకటశేషమ్మను చూసి గబగబా దిగివచ్చింది. కళ్లలో నీళ్లు.

“నన్ను వద్దన్నావంట కదా అవ్వా. నా మీద కోపం పోయిందా?”

వెంకటశేషమ్మ తల తిప్పి మనవడి వైపు చూసింది. అతను తల దించుకొన్నాడు.

“ముసలిదాన్ని, బుద్ధిలేక అన్నాను తల్లీ,” అందామె చీర చేతిలో పెట్టి, తల నిమురుతూ. “మనసులో పెట్టుకోబాక.”

ఆనందకుమారి కళ్లు తుడుచుకొని నవ్వింది. “ఇదిగో, మా అవ్వ!” అని పెళ్లికొడుకు హెబ్రోనును పిలిచి చూపించింది.

తిరుగు బస్సులో పద్మనాభయ్య అవ్వ వైపు వంగాడు.

“అవ్వా, నేను...”

వెంకటశేషమ్మ కొంగు తలమీదికి లాక్కొని కిటికీ వైపు తిరిగింది. సంగం వచ్చేదాకా ఇటు తిరగలేదు.