ఐదు నిమిషాల పొగ

ఆ ఆస్పత్రిలో కాళ్ళు పీకుతున్నాయంటే హెడ్ నర్సు బ్రేక్ ఇవ్వదు. "నాకేమన్నా చక్రాలున్నాయా?" అంటుంది. సిగరెట్ కాల్చుకోవాలంటే మాత్రం, "ఐదు నిమిషాల్లో వచ్చెయ్" అంటుంది. ఒకప్పుడు తనూ కాల్చిన మనిషి, ఆ బాధేమిటో ఆవిడకి తెలుసు.

ఎముకల వార్డులో పనిచేసే కుర్ర నర్సు ఆ దయతోనే రోజూ మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి పొగ వదిలేవాడు. ఒకరోజు పిల్లల వార్డు నర్సు మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపింది.

"ఒకటివ్వండి."

అతను లైటర్ కూడా తీశాడు.

"వెలిగించారంటే ఊరుకోను. నాకు కావలసింది బ్రేక్, దగ్గు కాదు."

హెడ్ నర్సుకి చూపించి బ్రేక్ అడిగే ఆ ఒక్క సిగరెట్టే రోజూ ఆమె జేబులో థర్మామీటర్ పక్కన నలిగేది. మగ నర్సుని అందరూ బ్రదర్ అనే పిలుస్తారు. ఆమె మాత్రం పొగరాయుడుగారూ అంటుంది. అతనికి అది మహా హాయిగా ఉండేది.

"మీ పుణ్యమా అని వార్డులో నా పరువు పోయింది," అందొక రోజు. "ఆరేళ్ళ పిల్ల నన్ను వాసన చూసి, 'సిస్టర్, మీరెక్కడన్నా కాలిపోయారా' అనడిగింది."

అతను నవ్వేశాడు. ఆ సాయంత్రమే సిగరెట్ పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. ఆ సంగతి బయటపడితే బ్రేక్ పోతుంది, దాంతోపాటు ఆమె కబుర్లూ పోతాయి. అందుకని రోజుకో అబద్ధం. లైటర్లో గ్యాస్ లేదు. గొంతు నొప్పి. వాన.

"వానెక్కడండీ?" అంది ఆమె మండే ఎండలో నిలబడి.

"వచ్చేలా ఉంది."

అతను మానేసిన ఇరవయ్యో రోజున హెడ్ నర్సు ఒక యంత్రం తెచ్చింది. సిగరెట్ కాల్చేవాళ్ళు ఊదితే ఎర్ర లైటు, కాల్చనివాళ్ళకి పచ్చ లైటు. పచ్చ వెలిగితే ఇక బ్రేక్ లేదు.

ముందు పిల్లల వార్డు నర్సు ఊదింది. పచ్చ.

"నన్ను బాగానే బురిడీ కొట్టించావు," అంది హెడ్ నర్సు.

తర్వాత అతని వంతు. ఊపిరితిత్తులు బాగున్నందుకు అతను మొదటిసారి భయపడ్డాడు. పచ్చ.

ఆమె గిర్రున తిరిగింది. "ఎప్పుడు మానేశారు?"

"ఆ పిల్ల అడిగిన రోజే."

"మరి ఆ ఎండలో పైకెందుకొచ్చేవారు?"

హెడ్ నర్సు వింటోంది. వింటే విననీ అనుకున్నాడు. "మీకోసం. మీరంటే నాకిష్టం. మీరొచ్చింది కాళ్ళనొప్పికని తెలుసులెండి."

ఆమె చెవులదాకా ఎర్రబడింది.

"రెండో వారంలోనే మా వార్డుకి కొత్త కుర్చీలొచ్చాయి," అంది మెల్లగా.

హెడ్ నర్సు యంత్రాన్ని పెట్టెలో సర్దింది. "మీ ఇద్దరికీ ఐదు నిమిషాల బ్రేక్ రద్దు," అంది.

వాళ్ళ మొహాలు వాడిపోయాయి.

"పొగకైతే ఐదు చాలు. దీనికి పది తీసుకోండి. వెళ్ళండి."