మంగాయమ్మ కలిపిన ఓట్స్

తెల్లవారి అయిదు కూడా కాలేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ క్వార్టర్ వంటింట్లో లైటు వెలిగింది గానీ పొయ్యి వెలగలేదు. మంగాయమ్మకి నెల రోజులుగా మింగుడుపడని సంగతి అదే. ముప్పై నాలుగేళ్ళు ఇంజను డ్రైవరు భార్యగా బతికిన మనిషి ఆవిడ. భర్త అప్పలస్వామికి డ్యూటీ కాల్ ఏ వేళప్పుడొస్తే ఆ వేళకి లేచి, గంటలో అన్నం వార్చి, పప్పు తాలింపు పెట్టి, క్యారియర్ కట్టి చేతికిచ్చేది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అదే ఊళ్ళో ఇంజను ఎక్కుతున్నది కోడలు స్పందన. అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజను డ్రైవరు పక్కన ఉండే సహాయకురాలు. ఈ క్వార్టరు కూడా ఆ పిల్ల పేరు మీదే వచ్చింది.

అంతవరకూ గొప్పే. తెలిపారా బజారులో కొత్తిమీర కట్ట బేరమాడుతూ కూడా "మా కోడలు రైలు నడుపుతాది" అని చెప్పకుండా ఇంటికి రాదు మంగాయమ్మ. పేచీ అంతా తిండి దగ్గర వచ్చింది.

స్పందన కొత్త పద్ధతి ఒకటి పట్టుకుంది. రోజూ సాయంత్రం ఒక గాజు సీసాలో నాలుగు చెంచాల ఓట్స్ వేస్తుంది. దాని మీద గరిటెడు పెరుగు, కాసిని నీళ్ళు, చిటికెడు సబ్జా గింజలు, సగం అరటిపండు ముక్కలు, చెంచాడు తేనె. కలిపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. పొద్దున్నకల్లా అది తనంతట తానే నానిపోయి ఫలహారమైపోతుంది. పొయ్యి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, అత్తగారు అసలే అక్కర్లేదు. కాల్ రాగానే సీసా సంచిలో వేసుకుని లాబీకి వెళ్ళిపోతుంది. లాబీ అంటే డ్రైవర్లు సంతకాలు పెట్టి డ్యూటీ ఎక్కే ఆఫీసు. అక్కడి బెంచీ మీద కూర్చుని ఆ సీసా ఖాళీ చేసి ఇంజను ఎక్కుతుంది.

"ఉప్మా తినే టైము నీకు లేకపోతే చెప్పు, ముద్దలు చేసి నోట్లో పెడతాను" అని మంగాయమ్మ అని చూసింది.

"వద్దత్తమ్మా, మీరు పడుకోండి. ఇది రెండు నిమిషాల పని, బస్, అంతే" అంది స్పందన.

పడుకోండి అన్న ఆ మాటే ఆవిడ గుండెలో గుచ్చుకుంది. పడుకోవడానికేనా తనిక ఈ ఇంట్లో ఉన్నది? కొడుకు గిరిబాబు కోనిలో యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా, ఏది పెడితే అది తిని పోయే రకం. వాడికి వండినా ఒకటే, వండకపోయినా ఒకటే. కోడలికి తన చేతి వంట రుచించడం లేదని మంగాయమ్మ తేల్చేసుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం.

పైగా మే నెల. బిలాస్‌పూర్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఆ ఎండలో ఇంజను లోపల ఎలా ఉంటుందో మంగాయమ్మ ఎన్నడూ ఎక్కి చూడలేదు గానీ, ఇంటికొచ్చిన భర్త చొక్కా పిండి చూసింది. అందుకే ఎండాకాలమంతా ఆయనకి తరవాణి తాగించి పంపేది. గంజిలో కాస్త అన్నం వేసి, కుండలో రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. కడుపుకి అంత చలవ ఇంకేదీ లేదని ఆవిడ నమ్మకం. ఆ కుండ ఇప్పటికీ వంటింటి మూల ఉంది.

నిన్న సాయంత్రం స్పందన సీసా కలిపి పెట్టి, బదిలీ మీద వెళ్ళిపోతున్న స్నేహితురాలు రాజశ్రీ ఇచ్చిన పార్టీకి వెళ్ళింది. మంగాయమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది. సీసా మూత తీసి, పైన తేలిన పెరుగు నీళ్ళు వంపేసి, రెండు గరిటెల తరవాణి పోసింది. పులుపు తెలియకుండా ఇంత బెల్లం వేసింది. మళ్ళీ ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి పిల్ల గొంతు పట్టేస్తుందని సీసాని కిటికీ పక్కన ఉంచింది. నాలుగింటికి దొంగలా లేచి ఫ్రిజ్‌లోకి చేర్చింది. అంతా ప్రేమతోనే చేసింది, కొంచెం పంతం కూడా ఉంది. ఇవాళ నా చేతిది తింటావు, నీకే తెలియకుండా తింటావు, అని లోపల్లోపల నవ్వుకుంది.

స్పందన సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది. మంగాయమ్మ ఆ పూట మనసారా కాఫీ కలుపుకుని తాగింది.

ఎనిమిదిన్నరకి గేటు చప్పుడైంది. రాత్రికి రావలసిన పిల్ల అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటమ్మా, వచ్చీసావేటి? ఒంట్లో బాగోలేదా?"

స్పందన బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. ఆఫీసుకి తయారవుతున్న గిరిబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"నన్ను డ్యూటీ నుంచి దింపేశారు" అంది స్పందన. "మిషన్‌లో ఊదితే రీడింగ్ వచ్చింది."

"ఏ మిషను?" అంది మంగాయమ్మ.

"మందు తాగారా లేదా అని చూసేదమ్మా. డ్యూటీ ఎక్కే ముందు అందరూ ఊదాల్సిందే" అన్నాడు గిరిబాబు. చెబుతూ చెబుతూనే అతని గొంతు మారిపోయింది. "నీకెలా వచ్చింది?"

"నాకేం తెలుసు? బెంచీ మీద ఓట్స్ తిన్నాను, వెళ్ళి ఊదాను, కుయ్యిమంది. లాబీలో అందరూ నావైపే చూశారు. నోరు కడిగించి ఇరవై నిమిషాలాగి మళ్ళీ ఊదిస్తే సున్నా వచ్చింది. కానీ మొదటిది కంప్యూటర్‌లో ఎక్కిపోయిందిగా. నా బండి ఇంకొకరికి ఇచ్చేశారు. హాస్పిటల్‌లో రక్తం తీసుకున్నారు. సాయంత్రం నాలుక్కి కారణం రాసివ్వాలి. కారణం లేకపోతే ప్రమోషన్ ట్రైనింగ్ లిస్టులోంచి నా పేరు పోతుంది. ఆ తర్వాత ఉద్యోగం సంగతి కూడా ఎవరూ చెప్పలేరు."

గిరిబాబు గుండీ మీద చెయ్యి ఆపాడు. మాట్లాడకుండా ఉండిపోయినా బాగుండేది.

"నిన్న ఆ పార్టీలో... మతలబ్, అదే, ఎవరైనా కూల్‌డ్రింకులో ఏమైనా కలిపి..."

"తాగావా అని అడగండి, సూటిగా."

"అలా అనలేదు. కానీ ఓట్స్ తింటే మిషన్ మోగదు కదా స్పందనా."

స్పందన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "లాబీలో నవ్వినవాళ్ళు పరాయివాళ్ళు. ఇంట్లోనూ ఇదే అడుగుతారని అనుకోలేదు."

మంగాయమ్మకి వంటింటి మూల కుండ గుర్తొచ్చింది. పులిసిన నీళ్ళు, బెల్లం, అరటిపండు, రాత్రంతా కిటికీ పక్కన ఉక్కలో. కల్లులా పొంగి ఉంటుంది. తరవాణి వాసన నిండిన ఇంట్లో పెరిగిన మనిషికి ఆ మాత్రం లెక్క తెలియకపోదు. కోడలి సంచిలోంచి సీసా పైకి కనిపిస్తోంది. అడుగున ఇంకా కాస్త మిగిలే ఉంది. ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళి సీసా అందుకుంది. పంపు కింద పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే చాలు, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. సింకు దాకా వెళ్ళింది కూడా. పంపు మీద చెయ్యి వేసి, వెనక నుంచి కోడలి వెక్కిళ్ళు వింటూ అలాగే నిలబడిపోయింది.

సీసా కడగలేదు. తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒరే గిరీ, ఆ పిల్లని ఏటీ అనకు. నేనే చేసీసాను."

"ఏం చేశావమ్మా?"

చెప్పింది. గరిటెలతో సహా చెప్పింది. బెల్లం సంగతి, కిటికీ సంగతి, నాలుగింటికి లేచి ఫ్రిజ్‌లో పెట్టిన సంగతి, ఏదీ దాచలేదు. గిరిబాబు సీసా మూత తీసి వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

స్పందన లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతు పెంచడం మంగాయమ్మ ఎప్పుడూ వినలేదు, ఆ రోజు వింది.

"ఎందుకత్తమ్మా? నేనేం అపచారం చేశాను మీకు? ఈ ఉద్యోగం కోసం రెండేళ్ళు చదివాను. నా వెనక పదిహేను వందల మంది ప్రయాణం చేస్తారు. తాగి వచ్చింది అని నా పేరు పక్కన రాస్తే, రేపు నా చేతికి ఎవరు బండిస్తారు?"

"నా వంట నీకు పడటం లేదనుకున్నానమ్మా. పొయ్యి ఆర్పీసి నన్ను మూల కూర్చోబెట్టీసావు అనుకున్నాను."

"వంట పడకా?" స్పందన అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పింది. బొటనవేలు కింద కాలిన మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. "ఇదెప్పటిది? పోయిన నెల తెల్లవారుజామున మూడున్నరకి కాల్ వస్తే మీరు లేచి నాకు దోసెలు పోస్తూ కళ్ళు తిరిగి పెనం మీద చెయ్యి ఆనించారు. ఏం కాలేదు, ఏం కాలేదు అంటూనే నాకు బాక్సు కట్టారు. నేను ఇంజన్లో కూర్చుని సిగ్నల్ చూసి చెప్పాలి. ఆ రోజు నాకు సిగ్నల్ కనిపించలేదు, మీ చెయ్యే కనిపించింది. రెండుసార్లు మా డ్రైవరు సారు కసిరారు. మీరు నిద్ర లేవకుండా ఉండాలంటే నాకు పొయ్యి అక్కర్లేని తిండి కావాలి. అందుకే నేర్చుకున్నాను ఈ ఓట్స్. నాకు దాని రుచి కూడా ఇష్టం లేదు, తెలుసా మీకు?"

కాలిన సంగతి మంగాయమ్మే మర్చిపోయింది. మూల కూర్చోబెట్టిందనుకున్న పిల్ల నెల రోజులుగా ఇష్టం లేని తిండి తింటున్నది తన నిద్ర కోసమా? కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్పందనా, తప్పయిపోయింది" అన్నాడు గిరిబాబు చిన్నగా.

"మీతో తర్వాత మాట్లాడతాను" అంది స్పందన, అతని వైపు చూడకుండా.

కొంతసేపటికి మంగాయమ్మ లేచి ముఖం కడుక్కుంది. "నాలుక్కి కదా వెళ్ళాలి? నేనూ వస్తాను. చేసింది నేను, చెప్పాల్సింది నేను."

ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ లాబీ గడప తొక్కలేదు. డ్రైవర్ల ఆడవాళ్ళెవరూ అక్కడికి వెళ్ళేవారు కాదు. ఆ సాయంత్రం, కాలిపోతున్న ఎండలో, ఒక చేత్తో సీసా ఉన్న సంచి, ఇంకో చేత్తో కోడలి మోచెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. బెంచీ మీద డ్యూటీ కోసం కూర్చున్న నలుగురూ మాటలాపి చూశారు. మంగాయమ్మ తిన్నగా సూపర్‌వైజర్ బల్ల దగ్గరికి కూడా పోలేదు. ఆ బెంచీ ముందే ఆగింది.

"గల్తీ మేరా హై. బహూ కా నహీ. మైనే పులిసిన పానీ మిలాయా" అంది. తప్పు తనదని, కోడలిది కాదని, పులిసిన నీళ్ళు తనే కలిపానని, సగం హిందీ, సగం తెలుగు. అర్థం కానివాడు అక్కడెవడూ లేడు. ఒక కుర్రవాడు తల దించుకుని బూటు తాడు కట్టుకోసాగాడు.

సూపర్‌వైజర్ శంకరరావు ఒకప్పుడు అప్పలస్వామి దగ్గర అసిస్టెంటుగా పనిచేసినవాడు. గబగబా లేచి వచ్చి కుర్చీ వేశాడు. కథంతా విని, సీసా వాసన చూసి, తల ఊపాడు.

"స్వామన్న కాలంలో ఈ మిషన్లు లేవు వదినా. ఉండుంటే ఎండాకాలమంతా ఆయన బండి షెడ్డులోనే ఉండిపోయేది" అని నవ్వాడు. తర్వాత స్పందన వైపు తిరిగాడు. "అచ్ఛా, రక్తం రిపోర్టు వచ్చిందమ్మా. ఏమీ లేదు. కారణం కూడా దొరికింది. అత్తగారు చెప్పింది చెప్పినట్టు రాసిపెడతాను, ఆవిడ సంతకం చేస్తారు. చివర్న నువ్వొక్క మాట రాసిస్తే కాగితం బలంగా ఉంటుంది. ఇకమీదట ఇంటి నుంచి తెచ్చిందేదీ డ్యూటీకి ముందు తినను, అని. పైవాళ్ళు మరి ప్రశ్నలు వెయ్యరు."

"రాసీ అమ్మా, వెంటనే రాసీ" అంది మంగాయమ్మ ఆత్రంగా. గండం గడిస్తే చాలు ఆవిడకి. ఇకమీదట తన చేతి మెతుకు ఆ పిల్ల ముట్టకపోయినా సరే, ఉద్యోగం నిలబడాలి.

స్పందన కలం అందుకుంది. కాగితం వైపు చాలాసేపు చూసింది. కలం కింద పెట్టేసింది.

"అది రాయను సార్."

"ఎందుకు? నీ మంచికే చెబుతున్నాను."

"తెలుసు సార్. కానీ మా అత్తమ్మ చేతిది తినను అని నేను సంతకం పెట్టలేను. ఇంట్లో తినే వస్తాను. తిన్నాక నోరు కడుక్కుని, ఇరవై నిమిషాలు ఆగి ఊదుతాను. అలా రాయండి, పెడతాను."

"పైవాళ్ళు మళ్ళీ పిలిస్తే?"

"వస్తాను. మళ్ళీ ఇదే చెబుతాను."

శంకరరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని, ఆ పిల్ల చెప్పిన మాటే రాసి, కాగితం ముందుకు తోశాడు.

ఆ సంతకం పడుతుంటే మంగాయమ్మకి అక్షరాలు కనిపించలేదు, కళ్ళు మసకబారిపోయాయి. ఎన్ని వేల క్యారియర్లు కట్టిందో ఆవిడ. అప్పలస్వామి మంచివాడే, ఖాళీ గిన్నెలు తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. బాగుందని ఒక్కనాడూ నోటితో అనలేదు, ఆవిడా అడగలేదు. ఇవాళ తన వల్ల నలుగురిలో తలవంచుకున్న పిల్ల, అదే నలుగురి ముందు, ఉద్యోగం మీదకి తెచ్చుకుంటూ ఆ మాట కాగితం మీద పెట్టింది.

బయటికొచ్చాక చెట్టు నీడలో ఆగింది మంగాయమ్మ. "నీ సీసా జోలికి నేను మరి రానమ్మా. నువ్వే కలుపుకో."

"లేదు, మీరే కలపాలి. సాయంత్రం ఏడింటికి, నా ముందు. తెల్లవారుజామున మాత్రం లేవకూడదు. ఒప్పుకుంటారా?"

"ఎంతెంత వెయ్యాలో నాకు తెల్దు."

"నేను నేర్పుతాను" అంది స్పందన. ఉదయం నుంచి బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటికొచ్చి, అత్తగారి భుజం మీద తల ఆనించి భోరున ఏడ్చింది. కాలిన మచ్చ ఉన్న చేత్తోనే మంగాయమ్మ ఆ పిల్ల వీపు నిమురుతూ, రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా, తనూ ఏడ్చింది.