పడని మాత్ర

"ఈ దగ్గు నాది కాదండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే. ఆ మాట అనేసి, తలుపు రెక్క పట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది.

డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేవాళ్లు మామూలుగా గొంతు తగ్గించుకుని, వెనక్కి చూసుకుంటూ వస్తారు. ఈవిడ బాకీ వసూలుకి వచ్చినట్టు వచ్చింది. యాభై దాటిన మనిషి, జుట్టు బిగించి వేసిన ముడి, భుజాన సంచి. దగ్గు ఆగాక మంచినీళ్లు ఇవ్వబోతే వద్దంది.

ఆ ఆఫీసు నడిపేవిడని ఆ వీధిలోవాళ్లు ఆరా గారు అంటారు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్ కూడా మర్చిపోయాడు. పూర్వాశ్రమంలో ఆవిడ మందుల కంపెనీ రెప్. సంచీ మోసుకుంటూ డాక్టర్ల గుమ్మాల్లో పడిగాపులు కాసీ కాసీ, మందుల గుణం, మనుషుల గుణం రెండూ వంటపట్టించుకుంది. ఆవిడ అసిస్టెంటుది ఇంకో కథ. ఆరా గారు ఏం చెప్పినా "ఊఁ" అంటాడు కనుక ఊకొట్టు అయిపోయాడు. నలభై ఏళ్లొచ్చినా ఆవిడ మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని వింటాడు.

ఇప్పుడు మాత్రం వచ్చినావిడ వైపు నోరు తెరిచాడు. "మీరు... 'ప్రయాణికులకు మనవి' కదూ! బస్టాండు అనౌన్సరు గారు! ఓసారి మైకులో నన్నే పిలిచారండీ. 'చారల చొక్కా బాబూ, మీ సంచి బెంచీ మీద ఉంది' అని!"

"నా కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయి," అందావిడ. "ఇంకొన్నాళ్లు కనిపిస్తాయో లేదో. వచ్చే శుక్రవారం పెద్దాఫీసు వాళ్లు వస్తున్నారు. ఓ పక్క రికార్డు చేసిన గొంతుతో మిషను, ఓ పక్క నేను. ఎవరు బాగా చదివితే వాళ్లకే కంట్రోల్ రూము. రెండు నెలలుగా నాకీ దగ్గు. రొంప లేదు, కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఎవరో ఈకతో గోకుతున్నట్టుంటుంది. ఎక్స్‌రే తీస్తే శుభ్రంగా ఉంది. సిరప్పులు సీసాలకి సీసాలు తాగాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే పాట, వయసైంది, ఇక కూర్చో అని. నేను కూర్చోనండీ! నా బల్ల మీద దగ్గు మీట ఒకటుంది. దగ్గొస్తే అది నొక్కితే మైకు ఆగిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. దుమ్ము పట్టి ఉంటుంది. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది."

"ఏమైనా మందులు వాడతారా?"

"బీపీ మాత్ర. అంతే."

"చూపించండి."

ఆవిడ సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. లోపల గుడ్డ పరిచి ఉంది, దాని మీద తెల్లటి గుండ్రటి మాత్రలు.

"స్ట్రిప్పు ఏదండీ?" అన్నాడు ఊకొట్టు.

"మైకు పక్కన రేకు చింపితే బస్టాండంతా పిడుగు పడ్డట్టుంటుంది నాయనా. అందుకే మా చెల్లెలు వారానికోసారి ఇంట్లోనే ఒలిచి పెడుతుంది. బస్సుల మధ్య ఖాళీ దొరికినప్పుడు వేసుకుంటా. నేనుండేది చెల్లెలు, మరిదితోనే."

"మీ బీపీ ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉంది. ఎన్నిసార్లు చూసినా డాక్టరు మెచ్చుకుంటాడు."

ఆరా గారు ముందుకి వంగింది. "పెదవులు గానీ నాలుక గానీ ఎప్పుడైనా వాచాయా?"

"మొన్న ఓ పొద్దున పై పెదవి బూరెలా ఉబ్బింది. చీమ కుట్టిందన్నారు. సాయంత్రానికి దిగిపోయింది. మీకెలా తెలుసు?"

ఆరా గారు డబ్బా మూత టక్కున మూసేసింది. "ఇందులో మాత్ర ఇక నోట్లో పెట్టొద్దు. ఊకొట్టు మీ డాక్టరు చీటీ మీద కొత్త స్ట్రిప్పు తెస్తాడు, మీ కళ్లముందే చింపి వేసుకోండి. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లి పెదవి సంగతి చెప్పండి. మళ్లీ వాపొస్తే ఎవర్నీ అడక్కుండా ఆస్పత్రికి పరిగెత్తండి. డబ్బా మాత్రం రోజూ పట్టుకెళ్లండి, పట్టుకురండి. వేసుకుంటున్నట్టే ఉండాలి."

"నన్ను చంపాలని చూస్తున్నారా ఎవరైనా?"

"చంపాలనుకున్నవాడు బీపీ పెరగనిస్తాడు. వీడెవడో మీ బీపీని కంటికి రెప్పలా కాపాడుతూ గొంతు మాత్రమే తీస్తున్నాడు. అదే తమాషా."

ఆవిడ వెళ్లాక ఊకొట్టు "ఊఁ" అని, ఏమీ అర్థంకాక మళ్లీ "ఊఁ?" అన్నాడు.

*

కంట్రోల్ రూము బస్టాండు మేడ మీద ఉంది. మూడు వైపులా అద్దాలు, కింద బస్సుల వీపులు, డీజిలు వాసన. అనౌన్సరు పక్క కుర్చీలో ఓ పాతికేళ్ల అమ్మాయి. సీనియరుకి దగ్గు వచ్చినప్పుడల్లా చదివేది ఈమే. డ్రైవర్లు ఆమెని చిన్నగొంతు అంటారు.

"మీ సీనియరు గారు మానేస్తే నీకు లాభమేగా?" అంది ఆరా గారు మొహమాటం లేకుండా.

"లాభమా?" ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంది. "ఆవిడ పోతే ఆవిడ కుర్చీ నాకు రాదు మేడం, నా కుర్చీ కూడా పోతుంది. మిషనుకి కుర్చీ ఎందుకు?"

ఆ మిషను మూలన ఉంది, కొత్త పెళ్లికొడుకులా ప్లాస్టిక్ కవరు కప్పుకుని. నమూనాగా పెట్టివెళ్లారట. ఎవరు పెట్టారని అడిగితే, అదంతా పెద్దాఫీసు వ్యవహారం, పేర్లు బయటపెట్టకూడదన్నాడు మేనేజరు. ఆరా గారు కవరెత్తి చూసింది. వైర్లకి ఆకుపచ్చ టేపు చుట్టి, కొస మడిచి చిన్న చెవిలా వదిలేశారు, మళ్లీ విప్పడానికి వీలుగా.

సాయంత్రం అనౌన్సరు డ్యూటీ దిగే ముందు, ఆరా గారు ఆవిడ డబ్బా ఖాళీ చేసి, డాక్టరు రాసిన మాత్రలు పోసింది. ఒక్కోదాని అంచు మీద, భూతద్దంతో వెతికితే తప్ప కనపడనంత సన్నటి పెన్సిలు చుక్క పెట్టింది.

"ఇవి వాళ్లింటికి వెళ్లి రేపు పొద్దున తిరిగొస్తాయి," అంది ఊకొట్టుతో. "మనం కూడా ఓసారి వాళ్లింటికెళ్లి కాఫీ తాగొద్దాం."

ఆ ఇంట్లో చెల్లెలు వాళ్లని ఆప్యాయంగా కూర్చోబెట్టింది. అనౌన్సరు తన పాత స్నేహితురాలని పరిచయం చేసింది ఆరా గారిని. మరిది అప్పుడే షాపు కట్టేసి వచ్చాడు. సభలకి మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే షాపు అతనిది. చెప్పులు విప్పుతూనే, "వదినగారూ, మాత్ర వేసుకున్నారా? ఒక్కపూట కూడా మానకండి, బీపీతో ఆటలొద్దు," అన్నాడు.

"చూశారా," అంది చెల్లెలు మురిసిపోతూ. "పొద్దున్నే డబ్బా ఆయనే గుర్తుచేసి సంచిలో పెడతారు. ఈయనకీ బీపీయే లెండి. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే మాత్ర, ఒకేసారి కొనుక్కొస్తా. నా ఖర్మ చూడండి, పోయినేడాది ఈయన దగ్గు, ఈ ఏడాది అక్క దగ్గు! కషాయాలు కాచీ కాచీ నా చేతులు పోయాయి."

"ఆయనకి ఎలా తగ్గిందమ్మా?"

"ఏమోనండీ, డాక్టరు ఏదో మార్చి..."

"సిగరెట్ల దగ్గండీ అది," అన్నాడు మరిది. "మానేశాను, పోయింది. ఏమే, కాఫీ చల్లారిపోతోంది!"

ఆరా గారు కాఫీ తాగుతూ గోడ మీద రేడియో వైపు చూసింది. దాని తీగ ఓచోట తెగితే అతికారు. ఆకుపచ్చ టేపు, కొస మడిచి చిన్న చెవి.

మర్నాడు పొద్దున కంట్రోల్ రూములో డబ్బా తెరిచి, మాత్రలు కాగితం మీద పోసి, భూతద్దం పెట్టి చూశారు. ఒక్కదాని మీదా చుక్క లేదు.

"ఇంటి దొంగ!" అన్నాడు ఊకొట్టు. "చెల్లెలా, మరిదా?"

"మాత్రలు ఒలిచిపెట్టేది చెల్లెలు. మార్చింది తనే అనడానికీ వీలుంది. అందుకే వాళ్ల నోటితోనే చెప్పిద్దాం."

*

శుక్రవారం. పెద్దాఫీసు వాళ్లు ఇంకా రాలేదు. ఆరా గారు అందర్నీ కంట్రోల్ రూముకి పిలిపించింది. అనౌన్సరు తన కుర్చీలో, పక్కన చిన్నగొంతు, కిటికీ దగ్గర మేనేజరు, మిషను పక్కన చెల్లెలు, మరిది. బల్ల మీద స్టీలు డబ్బా.

"మా స్నేహితురాలికో భయం పట్టుకుంది," అంది ఆరా గారు. "డబ్బాలో మాత్రల్లో ఏదో తేడా ఉందట. పిచ్చి భయం. తీర్చేద్దాం." డబ్బాలో చెయ్యి పెట్టి ఓ మాత్ర తీసి మరిది అరచేతిలో పెట్టింది. "మీరు ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

"ఇంకా లేదు. టిఫినయ్యాక..."

"ఇద్దరిదీ ఒకటే మాత్రటగా. ఇది వేసుకోండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది."

మరిది మాత్ర వంక చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. "ఇప్పుడెందుకండీ, నీళ్లు కూడా..."

ఊకొట్టు గ్లాసు అందించాడు.

"వేసుకోండీ, ఏమవుతుంది?" అంది చెల్లెలు. "మన మాత్రేగా! నేను ఒలిచిపెట్టిందేగా!"

"అబ్బ, నీకు తెలీదే! నాకది పడదు!"

కింద ఎవరో కండక్టరు విజిలు ఊదాడు.

"ఏది పడదు బాబూ?" అంది ఆరా గారు మెల్లగా. "డబ్బాలో ఉన్నది రోజూ మీరు మింగే మాత్రేనని ఇక్కడ అందరి నమ్మకం. మీ ఆవిడ నమ్మకం కూడా. పడని మాత్ర ఉందని తెలిసింది పెట్టినవాడికి ఒక్కడికే. ఇంకో సంగతి. మీ చేతిలో ఉన్నది డబ్బాలోది కాదు. నా వేళ్ల మధ్య దాచిపెట్టింది. మీ మాత్రే. మీకు శుభ్రంగా పడేదే."

మరిది ముఖం సున్నం కొట్టినట్టయింది.

"మనకి ఇంటిపేరు ముందుంటుంది," అంది ఆరా గారు మిగతావాళ్ల వైపు తిరిగి. "మందులకి చివర ఉంటుంది. ఎనలాప్రిల్ లాంటివి 'ప్రిల్' వాళ్లు. లోసార్టాన్ లాంటివి 'సార్టాన్' వాళ్లు. రెండు ఇళ్ల వాళ్లూ బీపీ తగ్గిస్తారు. దారి వేరు. రక్తనాళాల్ని బిగించే పదార్థమొకటి ఒంట్లో తయారవుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైమునే ప్రిల్ ఆపేస్తుంది. సార్టాన్ ఆ ఎంజైము జోలికి పోదు, తయారైన పదార్థం పనిచేసే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడుతుంది. అయితే ఆ ఎంజైముకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బ్రాడికైనిన్ అని ఒకటుంటుంది, దాన్ని ఊడ్చేయడం. ఊడ్చేవాణ్ని ఆపేస్తే చెత్త పేరుకుపోతుంది. దాంతో కొందరికి పొడి దగ్గు. ఏ సిరప్పుకీ తగ్గదు. సార్టానుతో ఆ గొడవ చాలా అరుదు."

"అయితే ప్రిల్ చెడ్డ మందాండీ?" అన్నాడు ఊకొట్టు.

"ఎంతమంది గుండెల్నో, కిడ్నీల్నో కాపాడింది. చెడ్డదెలా అవుతుంది? పడినవాళ్లకి బంగారం. పోయినేడాది ఈయనకి పడలేదు. దగ్గొచ్చింది, డాక్టరు సార్టానుకి మార్చాడు, పోయింది. ఈయన ఆ పాఠం గుర్తుపెట్టుకున్నాడు. పాత చీటీ మీద, చూడ్డానికి వీటిలాగే ఉండే ప్రిల్ మళ్లీ కొని, రోజూ డబ్బా సంచిలో పెట్టే ముందు మాత్రలు మారుస్తూ వచ్చాడు. వదినగారికీ దగ్గొస్తుందేమో చూద్దామనుకున్నాడు. ఆయన పంట పండింది, వచ్చింది. ఎందుకంటారా? ఆ మిషను వైర్లకి చుట్టిన టేపూ వీళ్లింట్లో రేడియోకి చుట్టిన టేపూ ఒకే చేతివి. మిషను అమ్మేది ఈయనే. అవునా మేనేజరు గారూ?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "బంధుత్వం సంగతి నాకు తెలీదండీ. ఇవాళ మిషను నెగ్గితే జిల్లాలో ప్రతి బస్టాండుకీ ఈయనే సప్లయి."

"దగ్గే కదా అనుకున్నా!" అన్నాడు మరిది ఒక్కసారిగా. "దగ్గుతో ఎవరు చస్తారు? ఆవిడ కూడా ఎన్నాళ్లు అరుస్తుంది, ఇంట్లో సుఖంగా..."

"దగ్గే కాదు!" ఆరా గారి గొంతు ఖంగుమంది. "ఆ పేరుకున్నదే అరుదుగా కొందరికి పెదవి, నాలుక, గొంతు వాచేలా చేస్తుంది. గొంతు మూసుకుపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆవిడ పెదవి వాచింది. చీమ కుట్టిందన్నది ఎవరు?"

చెల్లెలు వెళ్లి భర్తకి ఎదురుగా నిలబడింది. పెళ్లైనప్పటి నుంచీ అతన్ని 'మీరు' తప్ప అనని మనిషి.

"నువ్వే అన్నావు," అంది. "చీమ అన్నావు. నేను పంచదార డబ్బా ఎండలో పెట్టాను. నా చేత్తో కాచిన కషాయం నువ్వే పట్టుకెళ్లి మా అక్కకిచ్చావు. నా చేతి మాత్రలు తీసేసి నీవి పెట్టావు. రేపు మా అక్క పోతే అందరూ నన్నే అనేవాళ్లు. నా గడప తొక్కావంటే ఊరుకోను!"

మేనేజరు పోలీసులకి ఫోను చేశాడు. ఊకొట్టు వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు, పెద్దాఫీసు వాళ్లు ముగ్గురు లోపలికొచ్చారు. సంగతి విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, పరీక్ష వాయిదా వేద్దాం," అన్నాడు పెద్దాయన. "దగ్గు తగ్గాకే చదవండి."

"మాత్ర మానేసినా కొన్ని వారాలు పట్టొచ్చు," అంది ఆరా గారు నిజం దాచకుండా. "వాయిదా మంచిదే."

"వద్దు," అంది అనౌన్సరు. "వాడు ఇవాళ్టి కోసమేగా ఇంత చేశాడు. ఇవాళే చదువుతా. పోలీసులొచ్చేలోపు వీణ్ని ఇక్కడే నిలబెట్టండి, వింటాడు."

ఎర్ర దీపం వెలిగింది. ఆవిడ మైకు దగ్గరికి జరిగింది. చిన్నగొంతు దగ్గు మీట మీద వేలు పెట్టి సిద్ధంగా ఉంది.

"చెయ్యి తియ్యి."

"మేడం, దగ్గొస్తే..."

"తియ్యమన్నానా!"

ఆ అమ్మాయి చెయ్యి తీసేసింది.

"ప్రయాణికులకు మనవి," అంది ఆవిడ. అంతలోనే దగ్గు వచ్చింది. స్తంభం స్తంభానికీ ఉన్న స్పీకర్లలోంచి ఆ దగ్గు బస్టాండంతా మోగింది. కింద జనం తలలెత్తి చూశారు. ఆవిడ ఊపిరి తీసుకుంది.

"మీరు విన్న ఈ దగ్గు నాది కాదు. నాకు పెట్టింది. కొన్నాళ్లకి దగ్గు పోతుంది. నేను పోను." కిటికీలోంచి కిందికి చూసింది. "మూడో ప్లాట్‌ఫారం బస్సు బయల్దేరుతోంది. నీలం గొడుగు తాతగారూ, పరిగెత్తకండి, మెట్లు తడిగా ఉన్నాయి. డ్రైవరు బాబూ, ఆగు. ఆయన వస్తున్నాడు."

బస్సు ఆగింది.