ఒక్కరికే చోటున్న పోర్టు

దగ్గరకు జరగండి పిల్లలూ. వెనక గుసగుసలాడేవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. చోటు కోసం తోసుకోకండి. ఈ కథలో తోసుకున్నవాడి సంగతి వింటారుగా.

ఒక జిగురు ఫ్యాక్టరీలో ఇద్దరు తోడల్లుళ్లు పనిచేసేవారు. పెద్దాయన పద్దెనిమిదేళ్లుగా అక్కడ మెకానిక్. జిగురు కలిపే డ్రమ్ముకీ కంప్యూటరుకీ మధ్య వేలెడు లావు కేబులుండేది. దాన్ని బిగించిందీ, కాపాడిందీ ఆయనే. చిన్నవాణ్ణి ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. ఆ చిన్నవాడొచ్చి ఆరు నెలలు తిరక్కుండానే కేబులు పీకేసి, వర్చువల్ సీరియల్ పోర్టు పెట్టాడు. అంటే ఏమిటనుకున్నారు? లేని తలుపును ఉన్నట్టు కంప్యూటరుని నమ్మించడం. మాటలన్నీ నెట్‌వర్కు మీదుగా పోతాయి. చిక్కల్లా ఒకటే. ఆ తలుపులో ఒక్కరికే చోటు. ఒక ప్రోగ్రాము లోపలుంటే రెండోది బయట పడిగాపులు కాయాల్సిందే.

యజమాని మురిసిపోయాడు. "ఎల్లుండి అందరిముందూ నడిపి చూపించు. ఇకమీదట హెడ్డువి నువ్వే," అన్నాడు.

ఆ మాట పెద్దాయన కన్నా ముందే ఆయన ఇంటికి చేరింది. "డెబ్బై రెండు కిలోలున్నారు, ఏం లాభం? మా చెల్లెలి మొగుడి బుర్రంత బరువు చెయ్యరు," అంది భార్య, కంచం ముందు పెడుతూ. ఆయన ముద్ద ముట్టలేదు. కంచం తోసేసి లేచాడు.

మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు. అయినా ఒక్కడే వెళ్లాడు. మిట్టమధ్యాహ్నమే, కానీ కంట్రోల్ రూముకి కిటికీలు లేవు. లోపల ఉక్క, ఎండిన జిగురు వాసన. తన పాత ప్రోగ్రాముతో పోర్టు పట్టుకుని అలాగే ఉంచేస్తే చాలు, రేపు చిన్నవాడి పరువు పోతుంది.

తెరవబోయాడు. 'పోర్టు వాడుకలో ఉంది,' అంది స్క్రీను.

ఫోను చేశాడు. "తమ్ముడూ, నిన్న పోర్టు మూసే వచ్చావా?"

"మూశానన్నయ్యా. కంప్యూటరు కూడా ఆపేశాను. రేపు మీరు ముందు వరసలో కూర్చోవాలి. ఇదంతా మీ చలవే కదా!"

ఆ వినయం పుండుకి కారం రాసినట్టనిపించింది.

నెట్‌వర్కు తీగ పీకాడు. తీగ తెగినా పోర్టు కాసేపు అలాగే పట్టుకుని ఉంటుందని ఆయనకి తెలుసు. పది నిమిషాలు ఆగాడు. ఇంకా ఎవరో లోపలే...

గోడ మీద డ్రమ్ములోని సరుకు బరువు చూపే బోర్డు వెలిగింది. నాలుగు కిలోలు.

వెళ్లి మూతెత్తి చూశాడు. ఖాళీ.

తిరిగొచ్చేసరికి రెండు. ఎక్కడో ఎవరో తింటూ గిన్నె అడుగు గోకుతున్న చప్పుడు... ఒకటి... సున్నా.

చప్పుడు ఆగింది. 'పోర్టు ఖాళీ.'

తీగ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పారిపోదామనుకున్నాడు. కానీ రేపు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే తన చేతులే కళ్ల ముందు మెదిలాయి.

పోర్టు తెరిచే బటను నొక్కాడు.

మర్నాడు కంట్రోల్ రూములో కుర్చీ కింద ఆయన చెప్పులున్నాయి. ఆయన లేడు. చిన్నవాడి ప్రోగ్రాముకి పోర్టు దొరకలేదు. కంప్యూటరు మార్చినా అదే మాట, వాడుకలో ఉంది. పెద్దాయన పంతం నెగ్గిందనే అనుకోండి. ఖాళీ డ్రమ్ము మాత్రం డెబ్బై రెండు కిలోలు తూగింది.

భార్య రోజూ క్యారియరు తెచ్చి డ్రమ్ము పక్కన పెట్టి ఏడుస్తుంది. సాయంత్రానికి అన్నం అలాగే ఉంటుంది. బోర్డు మీద అంకె రోజూ కాస్త తగ్గుతోంది. నిన్నటికి ముప్పై ఒకటి. గిన్నె గోకుతున్న చప్పుడు మళ్లీ మొదలైందట...

ఇక లేవండి. ఇళ్లకెళ్లి అన్నం తినండి. ఎవరి మీద కోపమొచ్చినా సరే, కంచం తోసేసి మాత్రం లేవకండి.