లక్ష్మీదేవి బైపీసీ

తెల్లవారగానే కాటమయ్య జీపు కడగడం మొదలుపెట్టాడు. జీపు ఊరంతా 'అన్న' అని పిలిచే పార్టీ నాయకుడిది, స్టీరింగు మాత్రం కాటమయ్యది. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో తొండూరు పక్క పల్లెలో నాయకుడి జీపు డ్రైవరంటే మాటలా! దెబ్బలు తిన్న సొంత పార్టీ మనుషుల్ని ఎందరినో అందులో ఆసుపత్రికి మోశాడు. సగం మంది దారిలోనే పోయారు. ఆ రక్తమంతా ఏడుస్తూ కడుక్కున్నదీ అతనే.

పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన కూతురు లక్ష్మీదేవి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది.

"ఈపొద్దు కాలేజీలో చేర్పిస్తా పాపా. సీఈసీ తీస్కో. లాయరు కావాల. మనోళ్ళు కోర్టుల సుట్టూ తిరిగి సస్తాండారు."

"నేను బైపీసీ తీస్కుంటా నాయనా. డాక్టరీ సదవాలని ఉండాది."

"అన్నకు మాటిచ్చినా మ్మే!"

"నన్నడిగే ఇచ్చినావా?"

"సదివేది బిడ్డ గదయ్యా, మీ అన్న గాదు," అంది పొయ్యి దగ్గర్నుంచి భార్య సంజీవమ్మ.

"నోర్మూసుకోండి ఇద్దరూ!"

అంతలో ఎదురింటి దిల్షాద్‌బీ గోలుగోలున ఏడుస్తూ అరిచింది. అరటి గెలలు కోసే కత్తి జారి ఆమె భర్త జిలానీ తొడ లోతుగా తెగింది. జిలానీ అవతలి పార్టీ మనిషి. ఏళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య మాటలు లేవు, మంచినీళ్ళు ముట్టుకునేది లేదు.

అవన్నీ గుర్తుంటే లక్ష్మీదేవి ఎందుకవుతుంది! ఒక్క ఉరుకున వెళ్ళి, ఓణీ మడిచి గాయం మీద రెండు చేతులతో అదిమిపట్టింది.

"నాయనా, జీపు తియ్యి!"

"వాడు ఏ పార్టీనో మరిసినావా? అన్నకు తెలిస్తే నా గతి ఏంది?"

"రక్తం పోతాండాది నాయనా! నాకు బైపీసీ వద్దులే. నువ్వు సెప్పిందే సదువుతా. జీపు తియ్యి!"

కాటమయ్య జిలానీని ఎత్తి జీపు వెనక పడుకోబెట్టాడు. లక్ష్మీదేవి, దిల్షాద్‌బీ ఎక్కగానే జీపు తీశాడు. పులివెందుల దాకా గేరు మార్చినప్పుడల్లా వెనక్కి చూశాడు. ఎన్ని గుంతల్లో జీపు ఎగిరిపడినా ఆ పిల్ల చేతులు కదల్లేదు.

"ఈ పాప ఒత్తిపట్టకపోయుంటే మనిషి దక్కేవాడు కాదు," అన్నాడు ఆసుపత్రి డాక్టరు. దిల్షాద్‌బీ లక్ష్మీదేవిని కావలించుకుని భోరుమంది.

పిల్ల వేళ్ళు కొంకర్లు పోయి తెరుచుకోవడంలేదు. కాటమయ్య ఒక్కొక్క వేలే నిమిరి సాపుచేశాడు. తన తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పాడు. కన్నకూతురి చేతులవి. ఇన్నేళ్ళూ ఎప్పుడైనా ఇట్లా చూశాడా!

కాలేజీ గేటు ముందు జీపు ఆపాడు.

"సీఈసీ అని సెప్తాలే నాయనా," అంది తలొంచుకుని.

"బైపీసీ అనే సెప్పు తల్లీ."

"అన్న అడిగితే?"

"అడగనీ. జీపు తాళాలు తీస్కుంటే తీస్కోనీ." జీపు వెనక సీటుకేసి చూశాడు. "ఎంతమందిని ఎక్కించుకున్యానో ఈ జీపులో. ఏడవకుండా రక్తం కడిగేది ఈపొద్దేనమ్మా."

కడగడం సంగతి తర్వాత, అక్కడే ఏడ్చేశాడు. లక్ష్మీదేవి అదే తువ్వాలు కొసతో తండ్రి కళ్ళు తుడిచి, చెయ్యి పట్టుకుని కాలేజీలోకి తీసుకెళ్ళింది.