మొదటి సూది

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టి, పెద్ద డాక్టరు మనవరాలి చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. వంటగదిలోంచి కూతురు అది చూసింది. ఆ చెప్పులు ఎక్కడికి బయల్దేరాయో తెలియడానికి ఆమె వైద్యం చదవనక్కర్లేదు.

ముందురోజు వెనకవీధిలో ఒక పసివాడు తట్టు వచ్చి చనిపోయాడు. అయినా టీకా అంటే చాలు, అక్కడ తలుపులు మూసుకుంటున్నారు. వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ, శిష్యుల్ని వెంటేసుకుని ఊరి వీధులన్నీ తిరిగి జుట్టు నెరిసిపోయిన ఆ మనిషికి తెలిసిన మంత్రం ఒక్కటే. శిబిరం పెడితే మొదటి సూది తన బిడ్డకే, అందరి కళ్లముందూ. కూతురు చిన్నప్పుడు ఎన్ని బెంచీలు ఎక్కిందో లెక్కలేదు. డాక్టరుగారి పిల్లకే వేశారు, మనకేం భయమని జనం వరస కట్టేవారు.

"దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావు నాన్నా?"

"శిబిరానికి. దానికి రెండో టీకా టైమైందిగా."

"ఆసుపత్రిలో నేను వేయిస్తాను. బెంచీ మీద వద్దు."

"ఎక్కడైనా మందు అదేగా తల్లీ."

"మందు అదే. చుట్టూ జనమే వద్దంటున్నాను."

"అబ్బబ్బ, తెల్లారిందో లేదో మొదలుపెట్టారా!" అంది పక్కనే ఉన్న ఆమె తల్లి. "ఇద్దరూ ఇద్దరే. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

పెద్ద డాక్టరుకి నవ్వు రాలేదు. "నిన్న ఆ పిల్లాడి తల్లి నా చొక్కా పట్టుకుని లాగింది. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే ఇంకెంతమంది పోతారో! నీ పట్టుదల కంటే ఆ ప్రాణాలు తక్కువటే?"

ఆ మాటతో కూతురు గరిటె విసిరికొట్టింది. "నాకు ఐదేళ్లప్పుడు సూది వేశాక జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. అమ్మ శిబిరానికి కబురు పంపింది. నువ్వు రాలేదు. పైగా జనంతో ఏమన్నావు? మా అమ్మాయి ఇంట్లో గెంతుతోంది అన్నావు!"

"నేను లేచి వచ్చేస్తే శిబిరం ఖాళీ అయిపోయేది."

"అయ్యేది. కానీ నేను నీ కూతుర్ని నాన్నా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. పెద్ద డాక్టరు చేతిలోని చిన్న చెప్పులు కింద పెట్టి, సంచీ తగిలించుకుని ఒక్కడే వెళ్లిపోయాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చలోనే ఉండిపోయాడు" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ. మళ్లీ తనే, "ఖాళీ కడుపుతో వెళ్లాడే. కాస్త ఏదైనా ఇచ్చిరా" అంది.

కూతురు రొట్టె పట్టుకుని వెళ్లేసరికి శిబిరం పెట్టిన బడి వరండాలో శిష్యులు మంచుపెట్టెల పక్కన గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. బెంచీ ఖాళీగా ఉంది. వాకిట్లో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని దూరంగా నిలబడ్డారు.

"మీ మనవరాలేది డాక్టరుగారూ?" అని ఒకావిడ అడిగింది.

ముందే వేసేశామని అంటాడనుకుంది కూతురు.

"తీసుకురాలేదమ్మా. నా కూతురు వద్దంది. చిన్నప్పుడు దానికి టీకా వేశాక ఫిట్స్ వచ్చాయి. మీ అమ్మల దగ్గర ఆ సంగతి దాచి, గెంతుతోందని అబద్ధం చెప్పాను."

గుంపులో గుసగుసలు లేచాయి. ఇద్దరు ఆడవాళ్లు తమ పిల్లల్ని లాక్కుని వెళ్లిపోయారు. "సార్, ఇప్పుడెందుకండీ అవన్నీ!" అని ఒక శిష్యుడు గొణిగాడు.

అడిగినావిడ కళ్లు కూతురి మీద పడ్డాయి. "ఆ పిల్లవి నువ్వేనా?"

"నేనే" అంది కూతురు. "ఫిట్స్ వచ్చిన మాట నిజమే. మర్నాటికి లేచి తిరిగాను. అలా అయ్యేది ఎక్కడో ఒకరికి. తట్టు వస్తే ఏమవుతుందో నిన్న చూశారుగా."

"మరి నీ బిడ్డకి వేయిస్తావా?"

"వేయిస్తాను. రాత్రంతా పక్కనే కూర్చుంటాను."

ఆవిడ చాలాసేపు బిడ్డ వీపు నిమురుతూ నిలబడింది. చివరికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. "వేయండి. కానీ రాత్రి జ్వరమొస్తే మీరు రావాలి."

"వస్తానమ్మా. పిలిస్తే చాలు."

కూతురు తల తిప్పుకుంది. ఇన్నేళ్లుగా తను ఎదురుచూసిన మాట వేరే బిడ్డకి దక్కింది. ఏడుపుతోపాటు అసూయ కూడా కలిగింది, అందుకు సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నానికి వచ్చినవాళ్లు కొద్దిమందే. శిష్యులు పెట్టెలు సర్దుతుంటే పెద్ద డాక్టరు కూతురి పక్కకొచ్చి కూర్చున్నాడు. తెచ్చిన రొట్టె ముట్టలేదు.

"ఆ రోజు ఫిట్స్ ఎంతసేపు వచ్చాయి తల్లీ?"

వేలమంది రోగుల్ని అడిగిన ప్రశ్న. ఇంట్లోవాళ్లని అడగడం ఇదే మొదలు.

"నాకేం తెలుసు నాన్నా. నాకు స్పృహే లేదు" అంది కూతురు. "అమ్మకి తెలుసు. అమ్మని అడుగు."

పెద్ద డాక్టరు ముఖం రెండు చేతుల్లో దాచుకుని శిష్యులందరి ముందూ భోరుమన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది. ఇద్దరూ ఇంటివైపు నడిచారు.